బొమ్మ తీయించను

అక్కా,

ఎగ్జిబిషన్‌లో పెట్టిన నా బొమ్మ చూసి బావగారు తలెత్తుకోలేకపోతున్నారనీ, తీసేయించమనీ రాశావు. చదివినప్పటినుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అద్దం చూసుకుంటూ నా ముఖం నేను కుదురుగానే వేద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు. చెంపలు ఆకుపచ్చగా వచ్చాయి, నోరు ఎర్రగా వంకరపోయింది. తుడిచి మళ్ళీ వేసినా అదే ముఖం.

నిన్న అమ్మ వచ్చి చూసింది. పక్కనున్నావిడ, "అబ్బ, ఎంత కోపమో!" అంది.

"కోపం కాదమ్మా, ఏడుపు దిగమింగుకుంటోంది. నా పిల్ల మొహం నాకు తెలీదూ?" అని అమ్మ నావైపు తిరిగింది. "ఏమైందే?"

ఇన్నాళ్ళూ ఎవరూ ఆ మాట అడగలేదక్కా. అక్కడే, అందరిముందూ చెప్పేశాను. మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళిపోయారు.

బొమ్మ తీయించను. నువ్వొక్కదానివీ రా. ముందు దాన్ని చూడు, తరవాత నన్ను తిట్టు.

నీ చెల్లి