సుజాత గొంతు

అనకాపల్లి, 2008 ఆగస్టు, శుక్రవారం రాత్రి

అచ్యుతాపురం కంపెనీలో మైకులు, వాటిని మోగించే బటన్ బిగించింది నేనే. ఆపద వస్తే ఎటు వెళ్లాలో చెప్పే మాటలు మా ఆవిడ సుజాత చేత చదివించి రికార్డు చేశాను. చర్చిలో వాక్యం చదివే గొంతు, కంపెనీలో సగం మందికి తెలిసిన గొంతు అని మురిసిపోయాను కూడా. మంటలు లేస్తే ఒక మాట, ఎవరైనా కొట్టడానికి వస్తే వేరే మాట ఉండాలని మేనేజరు అన్నాడు. ఆపదంటే ఆపదే, ఒకటి చాలన్నాను. మళ్లీ వైర్లు లాగే పని తప్పుతుందని.

నిన్న కొందరు కర్రలతో గేటు తోసుకుని వచ్చారు. వాచ్‌మన్ బటన్ నొక్కాడు. తలుపులు వేసుకుని లోపలే ఉండాల్సిన వాళ్లకు, "అందరూ గేటు దగ్గరికి రండి, కంగారు పడకండి" అని సుజాత గొంతు చెప్పింది. వచ్చారు.

ఈరోజు ఆసుపత్రికి ఇద్దరం వెళ్లాం. ప్యాకింగులో చేసే లక్ష్మి తలకు కట్టుతో పడుకుని ఉంది.

"నీ గొంతు ఇని వచ్చేసేనక్కా. నువ్వు రమ్మంటే ఇంకేటి బయం అనుకున్నాను," అంది సుజాతతో. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సుజాత అడిగింది, "నేను చదివినదాంట్లో తప్పేటైనా ఉందేటండి?"

లేదు, మిషను తప్పు అన్నాను. ఒకటి చాలన్నది నేనేనని చెప్పలేదు.

రోజూ వంటింట్లోంచే అన్నానికి కేకేస్తుంది. ఇవాళ పిలవకుండా గది దాకా వచ్చి, నా భుజం తట్టి వెళ్లిపోయింది.