రెండో శాంపిల్

బాంబూఫ్లాట్,
14 నవంబరు 2023.

పూజ్యులైన నాన్నగారికి,

దేవుని కృప మన ఇంటిమీద ఉండాలని కోరుతూ నాన్సీ రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోన్ చేస్తే మీరు స్పీకర్‌లో పెడతారు, ఇంట్లో తలా ఒకరు నాకు బుద్ధి చెబుతారు. అందుకే ఈ కాగితం.

బాబ్జీ బాబాయి సమాధి దగ్గర నేను ఏడవలేదని, నాలుగేళ్లు ల్యాబులో ఉండి నా గుండె ఐసుగడ్డ అయిపోయిందని అన్నారట. ఏడవలేదు, నిజమే. మట్టి వేస్తున్నంతసేపూ మిమ్మల్నే చూస్తూ నిలబడ్డాను. అది కోపం. కన్నతండ్రికి ఆ మాత్రం తెలియలేదా?

ఎలుకల ఉచ్చ కలిసిన పొలం నీళ్లతో వచ్చే జ్వరం మీద నా పరిశోధన. అక్టోబరు మొదట్లో మీకొచ్చింది అదే. ఒకే మనిషి దగ్గర పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీయాలని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. మీరు తలూపారు. మొదటిసారి ఇచ్చారు. రెండోసారి, చర్చి కప్పుకి రేకుల లారీ వచ్చిందని అటు వెళ్లిపోయారు. ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన మణికుమార్ సూది పట్టుకొచ్చి, కాగితంలో మీ పేరు చూసి దేవకుమార్ ఎవరని అడిగితే, బాబాయి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడట. అరే భయ్యా, మేమిద్దరం ఒక్క తల్లి బిడ్డలం, ఒకటే ఖూన్, ఒకటే రక్తం, తీసేసుకో అన్నాడట. సాయంత్రం వచ్చి, ఆ రక్తం మీదేనన్న ఫారం మీద మీరు సంతకం పెట్టారు. భోజనాల దగ్గర అందరూ నవ్వుకున్నారట కూడా. సమాధి రోజు పొద్దున అమ్మ చెబితేనే ఇదంతా నాకు తెలిసింది.

ఆ రక్తంలో నాకు క్రిమి డీఎన్‌ఏ దొరికింది. మీకు జ్వరం తిరగబెడుతోందనుకుని వెంటనే ఫోన్ చేశాను, ఇవాళే మాత్రలు మొదలెట్టమన్నాను. సరేనన్నారు. ఏడు రోజులూ పూట తప్పకుండా మీరే వేసుకున్నారు. చెయ్యి తమ్ముడిదని ఒక్క మాట అనలేదు. అదేమిటని సమాధి నుంచి వచ్చాక వంటింట్లో అడిగితే, కాగితం మీద పేరు నాదే కదమ్మా, మాత్రలూ నావే అనుకున్నా అన్నారు. ఫోన్ చేసిన ఎనిమిదో రోజుకి బాబాయి కళ్లు పచ్చబడ్డాయి. పన్నెండో రోజుకి పోయాడు.

ఇప్పుడు ఊరంతా తాగుడే చంపిందంటోంది. బాబాయి మానేసి పదకొండేళ్లు. చర్చిలో దేముడమ్మ లీదియా పిన్ని మొహం మీదే, మొగుణ్ని అదుపులో పెట్టుకోవాల్సింది అందట. మీరు ముందు వరసలో కూర్చుని విన్నారట. నిజం చెప్పమని ఎంత బతిమాలాను. సంఘ పెద్దనై ఉండి నేను దొంగ సంతకం పెట్టానంటే సంఘం పరువేం కాను, ల్యాబులోనే గడబడ్ అయిందని నువ్వే రాసెయ్యి అన్నారు.

నేను అలా రాయను. గురువారం ఫీనిక్స్ బే రేవులో బోటెక్కి మన ఊరు డిగ్లీపూర్ వస్తున్నాను. ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, బాబాయి దేనివల్ల పోయాడో, ఎందుకు పోయాడో మీ పేరుతో సహా చెబుతాను. పిన్ని పక్కనే కూర్చుంటాను.

మీ కూతురు,
నాన్సీ

తా.క.: ఒకటి మీకు చెప్పలేదు. మొదటి శాంపిల్‌లో, జ్వరంతో మీ ఒళ్లు పోరాడిన గుర్తులు నిండుగా ఉన్నాయి. రెండో దాంట్లో ఒక్కటీ లేదు. పదిహేను రోజుల్లో అవి అలా మాయమైపోవు. నా చదువంతా దాని మీదే. మీకు ఫోన్ చేసిన మూడో రోజునే ఆ ఫలితం నా చేతికొచ్చింది, ఇది మీ రక్తం కాదేమోనని అనుమానమూ వచ్చింది. మా సార్‌కి రిపోర్టు ఇవ్వాల్సిన వారం అది. తర్వాత అడగొచ్చులే అని పక్కన పెట్టాను. అప్పటికి బాబాయి ఇంకా పొలానికి నడిచి వెళ్తున్నాడు. ఆదివారం ఇదీ చెబుతాను.