కాలువ మూత దరఖాస్తు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు మా మున్సిపల్ కార్యాలయంలో వచ్చే సంవత్సరపు బడ్జెట్ సమావేశం జరిగింది. కొత్తగూడలో మన సందులోని కాలువకు మూత వేయాలని నువ్వు ప్రతి సోమవారం వచ్చి ఇచ్చిన దరఖాస్తులన్నీ గుమాస్తాగా నేనే అధికారుల ముందుంచాను.

"ఈమెకు ఫోన్ జేస్తే స్విచాఫ్ వస్తున్నదయ్యా. అడిగేటోళ్లే లేనప్పుడు ఇగ పైసలెందుకు? గవి ఫ్లైఓవర్ లైట్లకు మలుపు," అన్నారు ఇంజనీరు గారు.

"ఆ కాలువలోనే పడి చనిపోయింది సార్. మా అక్క," అన్నాను.

ఆయన ఆ దరఖాస్తులను నా వైపు జరిపారు.

"జర ఏమనుకోకు. ఉన్న పైసలు గంతే."

నన్ను రాత్రి కళాశాలకు పంపి డిగ్రీ చదివించింది నువ్వే. ఆ చదువుతోనే నీ దరఖాస్తులపై "ఫిర్యాదుదారు లేనందున ముగించడమైనది" అని ఒక్క తప్పు లేకుండా రాసి, సంతకం చేశాను.