తొడుగు లేని తెగులు, తమరిచ్చిన కాగితం

మొక్కల తెగుళ్ల పరీక్షాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా టమాటా నారుకు ఏ తెగులూ లేదని తమరిచ్చిన ధ్రువపత్రం రద్దు చేయుట గురించి.

1. నేను షెడ్డులో టమాటా నారు పెంచి అమ్ముకునేదానను. మొక్కలు గిడసబారి, ఆకులు ముడుచుకుపోగా మూడు పర్యాయములు తమ ల్యాబుకు ఆకులు పంపియున్నాను. మూడుసార్లూ "వైరస్ లేదు, ఏ తెగులూ లేదు" అని ముద్ర వేసి పంపినారు.

2. సదరు ముద్రను నమ్మి మా తోడికోడలు నా వద్ద నాలుగు వందల మొక్కలు తీసుకుని తన షెడ్డులో నాటినది. నెల తిరక్కుండానే అవీ ముడుచుకున్నవి. "తెలిసే అంటగట్టావు కదూ?" అని వాకిట్లో నిలబడి అడిగి వెళ్లినది. నాటి నుండి మాటల్లేవు.

3. తమ ల్యాబులోని అమ్మాయిని అడగగా ఇట్లు చెప్పినది: "ఇది వైరస్ కాదు పిన్నీ, వైరాయిడ్ అయ్యుంటుంది. వైరస్‌కి పైన ప్రొటీన్ తొడుగుంటుంది. దీనికి అదీ లేదు. ఒట్టి ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని కోడులో మూడొందల అరవై అక్షరాలు కూడా ఉండవు. కొసలు రెండూ కలిసి రింగవుతుంది, ఆ రింగు తనలో తనే జతలు కట్టుకుని పుల్లలా బిగుసుకుంటుంది. మేం చేసే పరీక్ష తొడుగును వెతుకుతుంది. లేనిదెలా దొరుకుతుంది? ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెయ్యాలి."

4. ఆ సంగతి మనవి చేయగా తమరు, "తొడుగు లేదు, ప్రొటీన్ లేదు, ఇంక అదేం తెగులమ్మా?" అని నవ్వి, ఆ అమ్మాయిని మరునాడే పాత ఫైళ్ల గదికి మార్చినారు. నిజం చెప్పినందుకా సార్?

5. ఈ తెగులు కత్తెర అంచున అంటుకుని పాకునట. నా మొక్కలు ముడుచుకోక మునుపు, తనిఖీ రోజున తమరు ఎక్కడో జబ్బు మొక్కలు కోసిన కత్తెరతోనే నా షెడ్డులోకి వచ్చినారు. "కడగండి సార్" అన్నాను. "నాకు నేర్పుతున్నావా?" అన్నారు. నేర్చుకుని ఉంటే నా షెడ్డు మిగిలేది.

కావున సదరు ధ్రువపత్రం రద్దు చేసి, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించి, ఆ అమ్మాయిని తిరిగి ల్యాబులో కూర్చోబెట్టి, తప్పు తమదేనని ఒక్క వాక్యం రాసి ఇప్పించవలెను. ఈసారైనా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఇదే చివరిసారి),
నారు షెడ్డు యజమానురాలు

తా.క. ఈ అర్జీ తమకు పంపేముందు మా తోడికోడలికి చదవమని పంపాను. చదివి తనే వచ్చింది. "కత్తెర సంగతి నాకెందుకు చెప్పలేదే?" అంది. "చెప్పనిచ్చావా అక్కా?" అన్నాను. మొక్కలన్నీ ఇద్దరం పీకి తగలబెట్టాం, పరీక్షకు కొన్ని ఆకులు మాత్రం ఉంచాం. రేపు పదింటికి అవి పట్టుకుని ఇద్దరం వస్తున్నాం. సార్ సీట్లో లేరని చెప్పించకండి, మీరొచ్చేదాకా కూర్చుంటాం.