జాజు గీత దాటిన దిమ్మలు

గట్టుకింది కాలనీ,
పటాన్‌చెరు దగ్గర,
2 మే 2025, శుక్రవారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

బోయిని సత్తెమ్మ, వయసు డెబ్బై నాలుగు, రెండు చేతులూ జోడించి చెప్పుకుంటున్న సంగతి. మీరూ మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మా కాలనీలో ఇవాళ్టికి అందరం ఉన్నాం. రేపటికీ ఉండాలనే ఈ ఉత్తరం.

నాకు చదువు రాదు. మీ ఆఫీసుకు నాలుగుసార్లు వచ్చాను. కిటికీ దగ్గరి మనిషి రాసి తెమ్మన్నాడు. నేను చెబుతుంటే పక్కింటి ఫకృన్నీసా కోడలు ఆమ్నా రాస్తోంది. పదో తరగతిలో తెలుగులో బడికే ఫస్టు వచ్చిన పిల్ల. నా మాటను నున్నగా చేసి రాస్తుంది. కోపం మాత్రం తగ్గించొద్దని చెప్పాను.

పోయినేడు మేము ఇంటి మీద రెండో అంతస్తు వేసుకున్నాం. మిద్దె మీద సోలార్ పెడితేనే ఇంటికి సర్టిఫికెట్ ఇస్తామని మీరు రూలు పెట్టారు. ఎండ ఎవడి సొమ్ము, వాడుకుంటే మంచిదే అనుకున్నాను. యాదన్న అనే కాంట్రాక్టరు వచ్చి పన్నెండు ప్లేట్లు పెట్టిపోయాడు. మనిషెత్తు ఇనుప కాళ్లు, వాటి మీద ప్లేట్లు. ఆ కాళ్లను స్లాబుకు బోల్టులతో బిగించలేదు. ఒక్కో కాలి కింద ఒక్కో సిమెంటు దిమ్మ. అంతా ఆ దిమ్మల బరువు మీదే నిలబడి ఉంది.

తర్వాత మీ ఆఫీసు నుంచి ఒక సారు తనిఖీకి వచ్చాడు. పైకి ఎక్కలేదు. వాకిట్లో కూర్చుని చెంబెడు మజ్జిగ తాగి, వీధిలోంచి ఫోటో తీసుకొని వెళ్లాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఆయనకు మీరు జీతమిచ్చేది మజ్జిగ తాగినందుకేనా?

ఉగాది దాటాక మొదటి గాలిదుమారం వచ్చింది. మిద్దె మీద ఇనుము ఈనబోయే బర్రెలాగా మూలిగింది. తెల్లారి ఎక్కి చూస్తే ఒక దిమ్మ ఉన్నచోట లేదనిపించింది. నా కొడుకు మల్లేష్‌కు చెబితే, నీకు కండ్లు మసకలొచ్చినయమ్మా అన్నాడు. గడపలకు పూసే ఎర్రజాజు కలిపి ప్రతి దిమ్మ చుట్టూ గీత గీశాను. రెండో గాలికి తూర్పు దిమ్మలు గీతను వేలెడు దాటాయి. మళ్లీ గీశాను. మూడో గాలికి నాలుగు వేళ్లు. మొన్న మంగళవారం గాలికి జానెడు. ఇప్పుడు వాటికీ తూర్పు పిట్టగోడకూ మధ్య మూరెడు జాగా మిగిలింది. ఆ పిట్టగోడ నా మోకాలెత్తు.

ఈసారి మల్లేష్‌ను రెక్క పట్టుకొని తీసుకెళ్లి చూపించాను. వంగి, గీతకూ దిమ్మకూ మధ్య జాన పెట్టి కొలిచాడు. తర్వాత, ఈ ప్లేట్లు ఊడదీపిస్తే సర్టిఫికెట్ పోతదమ్మా, పైన కిరాయికున్నోళ్లు లేచిపోతరు, జెర ఆగు అన్నాడు. నాకెందుకు చెప్తవురా, గా గాలికి చెప్పు ఆగుమని, అన్నాను. షిఫ్టుకు టైమైందని ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు.

తూర్పున ఉన్నది ఫకృన్నీసా రేకుల ఇల్లు. పొద్దు వాలితే మా ప్లేట్ల నీడ వాళ్ల రేకుల మీదా వాకిట్లోనూ పడుతుంది. రంజానుకు షీర్‌ఖుర్మా గిన్నె ఇస్తూ ఆమె, నీ పుణ్యాన ఈ యేడు మాకు ఎండ తగుల్తలేదు సత్తెమ్మా, మనుమని తొట్టెల గా నీడకే కట్టినం అంది. మూడో గాలి తర్వాత నేను పోయి, తొట్టెల అవుతలి పక్కకు కట్టరాదా అన్నాను. ఏంది, నీడకు గూడ కిరాయి అడుగుతవా ముసల్దానా, అని నవ్వింది. నేనూ నవ్వి వచ్చాను.

ఈ మాట దగ్గర ఆమ్నా కలం ఆపింది. రాయి బిడ్డా అన్నాను.

ఇవాళే మనుషుల్ని పంపి వాటిని దించండి. యాదన్న లైసెన్సు తీసేయండి. మజ్జిగ తాగిన సారును అడగవలసింది అడగండి.

ఇట్లు,
బోయిని సత్తెమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. వేలిముద్ర వేశాక ఆమ్నా అడిగింది. మా ఆయన పనిజేసే షెడ్డు మీద గా యాదన్ననే బోల్టులు ఏసిండు సత్తెవ్వా, మీకెందుకు ఎయ్యలే, అని. ఏదో ఒకటి చెప్పబోయి ఆమె మొఖం చూశాను. ఇది గూడ రాయి అన్నాను.

యాదన్న బోల్టులకు డ్రిల్లు తెచ్చాడు. వైరు పీకి చేతికి చుట్టుకొని కూర్చున్నది నేను. ఆ స్లాబు మీద మడులు కట్టి ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలిపింది నేనే. దానికి బొక్కలు పొడిస్తే వానకు కురుస్తుందని పట్టుబట్టాను. ప్లేట్లు మోకాలెత్తులో పెడతానన్నాడు. నా మిద్దె మీద నేను వంగి నడువాల్నా అని మనిషెత్తు లేపించాను. గంత ఎత్తుకు గాలి పడ్తదవ్వా, బోల్టులన్న ఎయ్యనియ్యి అని బతిమాలాడు. వినలేదు. అంతా నా మాట మీదేనని కాగితం రాసుకొని వేలిముద్ర తీసుకున్నాడు. తనిఖీ సారు మెట్ల దాకా వచ్చాడు. పైకెందుకు బిడ్డా, బోల్టులు నేనే దగ్గరుండి ఏపిచ్చిన, అని మజ్జిగ చేతికిచ్చాను. యాదన్న జోలికి పోకండి. పైన రాసింది కొట్టేయించను. నా నోరు ఎంతదో మీకు తెలియాలి.

సారు గారూ, ఇక్కడి నుంచి రాస్తున్నది ఆమ్నాను. ఆమె చెప్పడం ఆపగానే పోయి మా బాబును, అత్తమ్మను అవుతలి వీధికి పంపి వచ్చాను. పడమట ఎర్రటి దుమ్ము లేచింది. ఇనుము మూలుగుతోంది. సత్తెవ్వ ఇంట్లో లేదు. మిద్దె మీద తూర్పు దిమ్మ మీద కూర్చుంది. కిందికి రమ్మంటే, నా బరువన్న ఉండనీ, నువ్వు పో అంటోంది. మా ఆయన ఈ కాగితం పట్టుకొని ఆటోలో మీ దగ్గరికే వస్తున్నాడు. జల్దీ రండి.