నిలువుగా ఎత్తిన తెడ్డు

సోమవారం

ప్రియమైన తమ్ముడికి,

అవతలి ఒడ్డున ఉండి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. మొన్న ఫోన్ సంగతి గుర్తు చేసుకో. నేను మొదలుపెట్టగానే నువ్వు అరిచావు, నువ్వు అరవగానే నేను పెట్టేశాను. కాగితం మీద అరవడం కుదరదు. మీ బావ నడిపే బస్సు రోజూ మీ వీధి చివర ఐదు నిమిషాలు ఆగుతుంది కాబట్టి ఇక నుంచి మనిద్దరికీ ఆయనే పోస్ట్‌మ్యాన్. విప్పి చదవనని మాటిచ్చారు. అయినా జిగురుతో అతికించాను.

విషయానికి వస్తాను. నువ్వు ఆ కయాక్‌లో ఒక్కడివే కూర్చుని సముద్రంలో నల్లరాయి దాకా చేపల కోసం వెళ్ళడం నాకు భయంగా ఉంది. పోయిన నెల మా కయాక్ క్లబ్బు షెడ్డు ముందుకి ఒక గాలం కయాక్ ఖాళీగా కొట్టుకొచ్చింది. పసుపు రంగు పడవ అని ఫోన్ చేసి చెప్పారు. నీదీ పసుపేగా. నేను మా కళ్ళజోళ్ళ దుకాణంలో ఉన్నాను. ఆ కంగారులో ఒకావిడ దూరపుచూపు అద్దాలు తీసి ఇంకొకాయన చత్వారం ఫ్రేములో బిగించేశాను. రెండు గంటల తరువాత తేలింది ఏమిటంటే, ఆ పడవ మనిషి ఒడ్డునే టీ తాగుతున్నాడట, కట్టెయ్యడం మరిచిపోయాడట. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకే ఒకటి ఆలోచించాను. మీ గాలం వాళ్ళు ఐదుగురు. మా క్లబ్బు వాళ్ళు పదకొండు మంది. ఒకే నీళ్ళలో తిరుగుతూ ఎడమొహం పెడమొహంగా ఉంటారు. పడవ బోల్తా పడితే మనిషిని మళ్ళీ ఎక్కించడం మాకు తెలుసు. నీళ్ళ కింద రాయి ఎక్కడుందో, కెరటం ఎక్కడ తిరగబడుతుందో మీకు తెలుసు. ఒక్క ఆదివారం కలిసి వెళ్దాం. నచ్చకపోతే మళ్ళీ అడగను.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క

*

గురువారం

ఈలల రాణి అక్కకి,

నీ ఉత్తరం అందింది. బావ దాన్ని టికెట్టు చింపి ఇచ్చినంత గంభీరంగా ఇచ్చారు. జిగురు ఎంత రాశావో గాని తెరిచేసరికి సగం పేరా చిరిగింది. మిగతాది ఊహించుకున్నాను, నీ మాటలు ఊహించడం కష్టం కాదు.

మీ క్లబ్బుని మా వాళ్ళు ఏమంటారో తెలుసా. ఊరేగింపు. వరసలో వెళ్తారు, ముందొకాయన, వెనక ఒకావిడ, మధ్యలో నీ ఈల. మీ పడవలు దోసకాయల్లా సన్నగా ఉంటాయి, చెయ్యి చాచితే దొర్లిపోయేలా. మావి మంచాల్లా వెడల్పు. మంచం మీద కూర్చున్నవాడు బోల్తా పడడు. అందుకని ఎక్కించే విద్య మాకు అక్కర్లేదు.

నా గురించి బెంగ పెట్టుకోకు. రోజంతా లిఫ్టు గుంతల్లో దిగి, తీగలు పట్టుకుని వేలాడేవాడిని. నీళ్ళు నాకో లెక్కా. పోయిన ఆదివారం కూడా నల్లరాయి దగ్గర మోచేతి పొడవు చేప పట్టాను. మీ మరదలు చూసి నోరెళ్ళబెట్టింది.

అయినా నువ్వు అడిగావు కాబట్టి మా వాళ్ళతో మాట్లాడాను. ప్లంబరు సరేనన్నాడు, మీ క్లబ్బులో పళ్ళ డాక్టరమ్మ ఉందని విని. అతనికి ఒక దవడపన్ను సతాయిస్తోందిలే. ఫొటో స్టూడియో ఆయన కూడా సరేనన్నాడు. మిగతా ఇద్దరూ వాళ్ళ వెనకే. షరతులు మావి. నీళ్ళ మీద ఈల వెయ్యకూడదు, చేపలు పారిపోతాయి. మేం వరసలో రాం, ఎవడి చోటు వాడిదే. మీ వాళ్ళు వంద గజాల దూరంలో ఉండాలి.

మరో మాట. ఈల లేకుండా ఒకరికొకరు చెప్పుకోవడానికి మీకేవో తెడ్డు సైగలుంటాయటగా. ఆ కాగితం ఉంటే పంపు. ఖాళీగా ఉన్నప్పుడు చదివి నవ్వుకుంటాం.

నీ తమ్ముడు

*

శుక్రవారం

ప్రియమైన మంచం పడవ దొరగారికి,

అన్ని షరతులకీ ఒప్పుకున్నాను. ఈల ఇంట్లో పెట్టి వస్తాను. మీ బావ ఎంత సంతోషించారో చెప్పలేను, అది ఆయన మీద కూడా వాడుతుంటాను కదా.

సైగలు నువ్వు నవ్వుకోవడానికి వీలుగా రెండే రాస్తున్నాను. తెడ్డు రెండు చేతులతో తలపైన అడ్డంగా పట్టుకుంటే 'అక్కడే ఆగండి'. నిలువుగా ఆకాశంలోకి ఎత్తితే 'నా దగ్గరికి రండి'. ఈ రెండోది చూస్తే మావాళ్ళు చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి వస్తారు. ఎందుకు, ఏమిటని అడగరు. పన్నెండేళ్ళుగా క్లబ్బులో మేం వాదించుకోకుండా పాటించేది ఇదొక్కటే.

జట్టు ముందు లెక్కల మాష్టారు ఉంటాడు. రిటైరైనా మనిషి గట్టివాడే. ఎవరిని చూసినా ఎక్కం అప్పజెప్పమనేలా ఉంటాడు గాని మనసు వెన్న. ఆయనతో మర్యాదగా మాట్లాడు.

ఆదివారం ఏడింటికి. లైఫ్ జాకెట్ సంచిలో పెట్టుకోవడానికి కాదు, తొడుక్కోవడానికి.

అక్క

*

ఆదివారం, మధ్యాహ్నం

అక్కకి,

ప్రియమైన అని రాయడం లేదు. గమనించు.

నువ్వూ వచ్చావు గాని చూసింది సగమే, మిగతాది విను. నేను నల్లరాయి పక్కన నా మానాన నేను గాలం వేసుకుని కూర్చున్నాను. దారం బిగిసింది. పెద్దదే పడింది. రెండు చేతులూ కావాలి కదా, తెడ్డుని పడవ వెనక గొట్టంలో నిలబెట్టాను. మేమంతా అలాగే నిలబెడతాం. తల ఎత్తేసరికి మీ పదకొండు దోసకాయలూ నా చుట్టూ. పళ్ళ డాక్టరమ్మ నా నాడి పట్టుకుంది. ఇంకెవరో 'ఊపిరి తీసుకోండి, ఊపిరి తీసుకోండి' అంటున్నారు. మీ మాష్టారు ఒక్క మాటైనా అడగకుండా నా పడవ ముక్కుకి తాడు కట్టి ఒడ్డుదాకా లాక్కొచ్చాడు. నేను కేకలు వేస్తూనే ఉన్నాను. భయంలో అలాగే అరుస్తారులే అన్నాడు మిగతా వాళ్ళతో. చేప పోయింది. నా చోటు నీ జట్టంతటికీ తెలిసిపోయింది.

ప్లంబరు ఇప్పుడు నన్ను 'లాగుడు బండి' అని పిలుస్తున్నాడు.

చేతిలో ఉన్న తెడ్డుకీ గొట్టంలో ఉన్న తెడ్డుకీ తేడా తెలియని మనిషిని ముందు పెట్టుకుని సముద్రంలోకి వెళ్తున్నారా మీరు. అడిగితే, చేత్తో ఎత్తినట్టే కనిపించిందంటాడు. ఆయనకి కళ్ళద్దాలు ఇచ్చింది నువ్వే అనుకుంటాను.

మాట ఇచ్చావుగా, ఇంక అడగకు.

తమ్ముడు

*

మూడు వారాల తరువాత, బుధవారం

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను. మూడు వారాలుగా మీ వీధి చివర బావ బస్సు దిగి ఇటూ అటూ చూసి ఖాళీ చేతులతో వెనక్కి వస్తున్నారు. మనిద్దరి మధ్య ఇన్నాళ్ళు ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నాకు బాగోలేదు. తప్పు మా వాళ్ళది. క్షమించమని అడుగుతున్నాను.

నువ్వు మూతి ముడుచుకుని కూర్చున్నావు గాని, మీ వాళ్ళు నలుగురూ ప్రతి బుధవారం సాయంత్రం మా షెడ్డుకి వస్తున్నారు. నీతో చెప్పలేదని తెలుసు, నీ కోపానికి జడిసి. నడుం లోతు నీళ్ళలో కావాలని బోల్తా పడి, మళ్ళీ ఎక్కడం నేర్చుకుంటున్నారు. మంచాలు కూడా దొర్లుతాయి నాయనా. ప్లంబరు మొదటిరోజు తొమ్మిదిసార్లు పడి, పదోసారికి ఎక్కి, పడవ మీద బోర్లా పడుకుని ఐదు నిమిషాలు లేవలేదు. ఫొటో స్టూడియో ఆయన మా వాళ్ళకి గాలం ముడి నేర్పుతున్నాడు. డాక్టరమ్మ మొదటి చేప పట్టి దాని పళ్ళు చూసి మెచ్చుకుంది. నేను అనుకున్నదంతా జరిగింది, ఎవరి కోసం అనుకున్నానో ఆ మనిషి తప్ప.

మాష్టారి సంగతి చెప్పాలి. ఆ ఆదివారం మర్నాడే ఆయన దుకాణానికి వచ్చి కళ్ళు పరీక్షించమన్నాడు. చేశాను. ఏ తేడా లేదు. ఆయన నమ్మలేదు. 'అంత దగ్గర్నుంచి చూసి కూడా పొరపాటు పడ్డానంటే నా చూపు అయిపోయిందమ్మా' అన్నాడు. ఆయన తృప్తి కోసం కొత్త అద్దాలు వేశాను. కాని ఆయన ఇక జట్టు ముందు వెళ్ళనంటున్నాడు. బుధవారాలు ఒడ్డున కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్నాడు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఈ గొడవ మళ్ళీ రాకుండా శనివారం సాయంత్రం మీటింగు పెట్టాం, మీ నలుగురితో కలిపి. ఒక కొత్త రూలు రాస్తున్నాం. గాలం పడవలో తెడ్డు నిలువుగా కనిపిస్తే మావాళ్ళు పట్టించుకోనక్కర్లేదు, వాళ్ళ పని వాళ్ళు చేసుకోవచ్చు. నీ కోసమే ఇది. ఇప్పుడైనా కోపం పోయిందా?

మరదలు నిన్న కళ్ళజోడు స్క్రూ వేయించుకోవడానికి వచ్చింది. 'ఈయన పట్టే చేపలు ఐసుగడ్డల్లా ఉంటున్నాయి వదినా, సముద్రం అంత చల్లగా ఉంటుందా' అని అడిగింది. అంత లోతున ఉంటుందేమో అన్నాను.

అక్క

*

శుక్రవారం, తెల్లవారుజామున

ప్రియమైన అక్కకి,

ఇది బావ మొదటి ట్రిప్పులో అందాలి. ఆయన ఆపకపోతే బస్సుకి అడ్డంగా నిలబడైనా ఇస్తాను.

ఆ రూలు రాయొద్దు.

నేను తెడ్డు గొట్టంలో పెట్టలేదు. చేత్తోనే ఎత్తాను. రెండు చేతులతో, వీలైనంత పైకి. మాష్టారు చూసింది నిజమే.

మొదట్నుంచీ చెప్తాను, మధ్యలో ఆపకు. నువ్వు మొదటి ఉత్తరం రాయడానికి రెండు నెలల ముందు నల్లరాయి అవతల పడవ దొర్లింది. వెనకున్న వల అందుకుందామని ఒళ్ళు తిప్పాను, అదే సమయానికి పక్కనుంచి కెరటం వచ్చింది. ఎక్కుదామని చూస్తే మళ్ళీ నా మీదకే తిరగబడింది. మూడుసార్లు. నాలుగోసారి ప్రయత్నించడానికి చేతుల్లో సత్తువ లేదు. పడవ అంచు పట్టుకుని కాళ్ళు కొట్టుకుంటూ రాయి చేరేసరికి గంట పట్టింది. దాని మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంటికొచ్చి మీ మరదలితో వానలో తడిశానన్నాను. ఆ రోజు వాన లేదు. తను తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

అప్పట్నుంచి నేను నల్లరాయికి వెళ్ళలేదు. ప్రతి ఆదివారం అందరికీ చెయ్యూపి బయల్దేరి, మలుపు తిరిగి, నిలబడితే మొల లోతుండే చోట కూర్చుంటున్నాను. తిరిగొచ్చేటప్పుడు బజారులో చేప కొంటున్నాను. మోచేతి పొడవు చేప కూడా అక్కడిదే. పొలుసు గీయొద్దని చెప్తే అమ్మేవాడు నన్ను వింతగా చూస్తాడు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు పైకి ఎగతాళి చేశాను గాని, లోపల ప్రాణం లేచొచ్చింది. చుట్టూ పదిమంది ఉంటే మళ్ళీ అక్కడిదాకా వెళ్ళగలనేమో అనిపించింది. సైగల కాగితం నవ్వుకోడానికి అడగలేదు. జేబులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళాను.

ఆ ఆదివారం నల్లరాయి కనపడేసరికి చేతులు బిగుసుకుపోయాయి. ముందుకీ వెళ్ళలేను, వెనక్కీ తిరగలేను. కెరటం కూడా పెద్దదేం కాదు. గాలం వెయ్యనేలేదు, ఇంక చేప ఎక్కడిది. తెడ్డు ఎత్తాను. ఎవరూ రారనే అనుకున్నాను. పదకొండు పడవలూ ఒక్కసారి తిరిగాయక్కా. ఎందుకు, ఏమిటని ఎవరూ అడగలేదు, నువ్వు రాసినట్టే. అది చూసి ఏడుపొచ్చింది. ఏడుస్తున్నది మా ప్లంబరు చూస్తాడని కేకలు వేశాను. ఆ కేకలని నిలబెట్టుకోవడానికి తరువాత అబద్ధం ఆడాను, ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఒక పెద్దాయన కళ్ళకి వంక పెట్టాను.

నీ ఉత్తరం నిన్న అందింది. మాష్టారు తువ్వాళ్ళు మడతపెడుతున్నాడన్న చోట ఆగిపోయాను. రూలుని మళ్ళీ మళ్ళీ చదివాను. రేపు మా నలుగురిలో ఎవడో తెడ్డు ఎత్తుతాడు, మీవాళ్ళు చూసి 'వాడి పనేదో వాడు చేసుకుంటున్నాడు' అనుకుంటారు. అది నా వల్ల జరగకూడదు.

ఈ ఉత్తరాన్ని శనివారం మీటింగులో చదువు. మావాళ్ళ ముందే, చేపల సంగతి కూడా వదలకుండా. నేను వచ్చి ఒక మూల కూర్చుంటాను. దానికి ముందు ఇవాళ సాయంత్రం మాష్టారింటికి వెళ్తున్నాను, ఆయనకి నేనే చెప్పాలి. ఎక్కాలు అప్పజెప్పమంటే అప్పజెప్తాను. పాత అద్దాలు పారెయ్యలేదు కదా, వాటినే తిరిగి వెయ్యి.

బుధవారం నుంచి నేనూ వస్తాను. తొమ్మిదిసార్లు కాదు, తొంభైసార్లు పడతాను. మీ మరదలికి రాత్రే అంతా చెప్పాను. మొదట్నుంచీ తెలుసట. ఎప్పుడు చెప్తానా అని చూస్తూ, ఆ బజారు చేపల్ని ఇన్నాళ్ళూ మెచ్చుకుంటూ వండిందట. బుధవారం తనూ వస్తుందట, నేను పడడం చూడడానికి. టిఫిన్ కట్టుకుని మరీ.

అక్కా, ఒక్క విషయం మాత్రం మీటింగులో చదవకు, ఇది నీకు. ఆ రోజు మాష్టారు తాడు కట్టి లాగుతుంటే, నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. నోరు అరుస్తూనే ఉంది. కాని అన్ని నెలల్లో నీళ్ళ మీద నాకు భయం వెయ్యనిది ఆ ఇరవై నిమిషాలే.

నీ తమ్ముడు