దయచేయగలవు

చౌటుప్పల్,
జూలై 3, 1966.

సౌభాగ్యవతి జానమ్మకు,

నీ భర్త ఇక్కడ క్షేమంగా ఉన్నాడని వ్రాయడం ఆచారం. క్షేమంగా లేడు. రాత్రిబడిలో చదివి, నలభై ఎనిమిదవ ఏట తెలుగు విశారద పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడు లేఖలోని మొదటి వాక్యంలోనే అసత్యం పలకరాదు కనుక ఉన్నది ఉన్నట్లు తెలియజేస్తున్నాను.

మీ అమ్మగారు జారిపడి మంచం పట్టారని కబురు రాగానే, ఆషాఢం మొదట్లో నీవు అమరచింతకు బయలుదేరావు. "ఫికర్ చెయ్యకు, శ్రావణంల వస్త" అని బస్సు కిటికీలోనుంచి చెప్పావు. తల్లికి సేవ చేయడం ధర్మం, నేను ఆటంకపరచలేదు. కానీ మన పొయ్యికి నా మీద ఏదో పగ ఉన్నది. నీవు ఒక్కసారి ఊదితే అంటుకునే కట్టెలు, నేను కళ్ళు ఎర్రబడేలా ఊదినా పొగ తప్ప మరేమీ ఇవ్వవు. మొన్న జొన్నరొట్టె చేశాను. పక్కింటి బిక్షమ్మ గోడమీదినుంచి తొంగిచూసి, "ఏం నర్సన్నా, గది రొట్టెనా, బడిపలకనా?" అన్నది. సమాధానం చెబుదామంటే నోటిలో ఆ రొట్టె ముక్కే ఉన్నది, అది ఎంతకూ నలగలేదు.

మగ్గం సంగతి ఇంకా అధ్వాన్నం. మగ్గం గుంటలో కూర్చుని నాలుగు పోగులు నేసేసరికి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె అయిపోతుంది. లేచి, రాట్నం దగ్గర కూర్చుని, మరొక కండె చుట్టుకుని, మళ్ళీ గుంటలోకి దిగాలి. నేయడం కంటె దిగడమూ ఎక్కడమే ఎక్కువైంది. నీవు రాట్నం దగ్గర ఉన్నన్నాళ్ళూ కండె ఎప్పుడు అయిపోతుందో నాకు తెలిసేదే కాదు, చేయి చాపితే మరొకటి అందేది.

మీ అమ్మగారు లేచి తిరుగుతున్నారని మీ తమ్ముడు రామచంద్రం కార్డు వ్రాశాడు. చాలా సంతోషం. కావున, ఇక నీవు దయచేయగలవు. ఈ మాటను నేను ఆలోచించి ఎన్నుకున్నాను. ‘రా’ అనేది పశువులనూ పసిపిల్లలనూ పిలిచే మాట. విశారద భార్యను పిలవడానికి అది చాలదు.

రామచంద్రం సగం అక్షరాలు మింగి చదువుతాడు. అక్కడి బడికి కోస్తా వైపునుంచి ఒక పంతులుగారు వచ్చారని విన్నాను. ఈ లేఖను ఆయన చేతనే చదివించుకో.

ఇట్లు నీ శ్రేయోభిలాషి,
చిలువేరు వెంకటనర్సు, విశారద.


చౌటుప్పల్,
జూలై 31, 1966.

సౌభాగ్యవతి జానమ్మకు,

శ్రావణం వచ్చింది. నీవు రాలేదు.

పడుగు పోగులు అతుకుతూ మగ్గాలున్న ఊళ్ళన్నీ తిరిగే పోచయ్య నిన్న అమరచింతనుంచి వచ్చాడు. నీ సంగతి అడిగితే, "గిది అధికమాసం గద నర్సన్నా. అసలు శ్రావణం ఎన్కనున్నది" అని నవ్వాడు. పంచాంగం తిరగవేశాను. నిజమే. ఈ యేడు శ్రావణాలు రెండు. నీవు ఏ శ్రావణమని చెప్పలేదు, నేను అడగలేదు. ఏ శాస్త్రం ప్రకారం నెలకు నెల అదనంగా చేరుస్తారో నాకు తెలియనిది కాదు. అయితే ఆ లెక్క కట్టినవారి భార్యలు ఇంట్లోనే ఉండి ఉంటారని మాత్రం నా నమ్మకం. సంవత్సరం పేరు చూస్తే పరాభవ. పేరు పెట్టినవారికి నా సంగతి ముందే తెలుసునేమో.

వానలు పట్టుకున్నవి. పైకప్పు సరిగ్గా మగ్గంమీదనే కురుస్తోంది. పడుగు తడవకుండా గోనెసంచి కప్పి, దానిమీద నీ ఇత్తడి గంగాళం పెట్టాను. నీళ్ళు గంగాళంలోనే పడుతున్నవి, కానీ ఆ చప్పుడు చెవుల్లో పడుతోంది. మా పెద్దనాయన కొడుకు లచ్చయ్యకు ఈ వానలో వేరే పని లేదు. రోజూ మధ్యాహ్నం వచ్చి, మన మగ్గం గుంట అంచున కూర్చుని చుట్ట వెలిగిస్తాడు. ఊళ్ళోవాళ్ళు నీ గురించి ఏమనుకుంటున్నారో వివరంగా చెబుతాడు. ఊళ్ళోవాళ్ళు అనుకునేదానికంటె అతడు అనేదే ఎక్కువ.

టపాలో విశారద పట్టా వచ్చింది. దాని సంగతి తరువాత.

మొదటి లేఖలోని మనవినే మరల చేస్తున్నాను. ఇక దయచేయగలవు.

ఇట్లు,
చిలువేరు వెంకటనర్సు, విశారద.


చౌటుప్పల్,
సెప్టెంబరు 18, 1966.

జానమ్మకు,

అధిక శ్రావణం పోయింది. నిజ శ్రావణమూ పోయింది. ఇప్పుడు భాద్రపదం నడుస్తోంది. నీవు మరొక భాద్రపదంకోసం ఎదురుచూస్తున్నావేమో, ఈ యేడు అది ఒక్కటే.

పోచయ్య మళ్ళీ అమరచింతనుంచి వచ్చాడు. నీవు చెప్పిన మాటను నీవు పలికినట్లే అప్పగించాడు: "పొమ్మని రెండుసార్లు రాసి, ఎందుకు రాలే అని అడుగుడేంది? రమ్మంటే రానా?" ఈ మాటలోని వ్యాకరణంగురించి నేనేమీ అనను. అర్థంగురించి మాత్రం అడగక తప్పదు. పొమ్మన్నది ఎవరు? నేను రెండు లేఖలు వ్రాశాను. రెండింటిలోనూ, నాకు వచ్చిన భాషలో అంతకంటె మర్యాదైన మాట లేదన్నంత మర్యాదగా నిన్ను పిలిచాను. పోచయ్యను గద్దించి మళ్ళీ అడిగాను. "నాకేమెరుక, వదిన గట్లనే అన్నది" అని అతుకు పనిలో తలవంచాడు.

పోనీ, రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పవచ్చును. మన బిడ్డను అత్తవారింటికి పంపించిన తరువాత ఈ ఇంట్లో మిగిలింది ఇద్దరం. ఇద్దరిలో ఒకరికి ఇక్కడ ఉండబుద్ధి కాకపోతే ఆ సంగతి రెండోవారికి ముందుగా తెలియాలి. నేను చదువుకున్నానని నీకు దూరమైనానా? నేను వల్లించే పద్యాలు వినడం విసుగు అనిపించిందా? ఏదైనా సరే, నేరుగా చెబితే తట్టుకోగలను. అనని మాటను నాకు అంటగడితే తట్టుకోలేను.

ఒక నిర్ణయానికి వచ్చాను. దసరా కాగానే మగ్గం విప్పివేస్తాను. హైదరాబాదులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా రమ్మన్నారు. ఒక్కడే నేసే మగ్గం మగ్గం కాదు. ఈ ఇంటికి తాళం వేసి, తాళంచెవి బిక్షమ్మకు ఇచ్చి వెళ్తాను. ఇకమీదట నేను వ్రాయను.

చిలువేరు వెంకటనర్సు, విశారద.


చౌటుప్పల్,
అక్టోబరు 9, 1966.

జానమ్మా,

ఇక వ్రాయనని వ్రాసినవాడే మళ్ళీ వ్రాస్తున్నాడని నవ్వుకో, నాకు ఆక్షేపణ లేదు. నిన్న జరిగినది నీకు చెప్పనిదే నాకు అన్నం సహించదు. వండుతున్నది నేనే కనుక అది ఎటూ సహించడం లేదనుకో.

నిన్న మధ్యాహ్నం లచ్చయ్య అలవాటు ప్రకారం వచ్చి కూర్చున్నాడు. చుట్ట ఆర్పకుండానే, "మగ్గం ఇప్పుతవట గద. పెండ్లాం నిన్ను ఇడిచిపెట్టె, నువ్వు మగ్గాన్ని ఇడిచిపెడితివి. ఇగ పట్టా ఒక్కటే మిగిలింది. చలికాలం దాన్నే కప్పుకొని పండుకో" అన్నాడు. అతడు నాకు అన్న వరుస, వయసులో పెద్ద. ఒక మాట అనడానికి నాకు నోరు రాదు. నాడె పక్కన పెట్టి, గుంటలోనుంచి లేచి, రెండు చేతులూ జోడించి, "అన్నగారూ, ఇక దయచేయండి" అన్నాను.

అతడు లేచాడు. చెప్పులు వెతుక్కుంటూ, "గింత మర్యాదగ ఎల్లగొట్టెటోన్ని నిన్నే చూసిన" అని గొణిగి, గడప దాటి వెళ్ళిపోయాడు.

అతని వీపు చూస్తూ, జోడించిన చేతులు దించకుండా నేను అక్కడనే నిలబడిపోయాను. జానమ్మా, ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఏ మాట వ్రాసి నిన్ను పిలిచానో, అదే మాట అని అతన్ని పంపించాను. ‘ఇక’ అన్న ముక్క కూడా వదలలేదు.

నిఘంటువు తీసి చూశాను. రెండు అర్థాలూ ఉన్నవి. శబ్దంలో దోషం లేదు. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చి ఉంటే రెండూ వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకునేవాణ్ణి. నా విసుగు అంతా ఇదే. తప్పు చేయలేదు, తప్పు జరిగింది. ఎవరిని కోప్పడాలో తెలియక పొద్దుటినుంచి పొయ్యిని కోప్పడుతున్నాను.

పట్టా సంగతి తరువాత వ్రాస్తానన్నాను. అది రేకు గొట్టంలో వచ్చింది. ఆ గొట్టం ఇప్పటికీ మూత తీయకుండా దూలానికి వేలాడుతోంది. బిక్షమ్మ చూపించమన్నది, చూపించలేదు. లచ్చయ్య అడిగాడు, వినబడనట్లు ఊరుకున్నాను. మొదట చూడవలసిన మనిషి చూడకుండా దాన్ని విప్పడానికి చేయి రావడం లేదు.

‘రా’ పశువులను పిలిచే మాట అని వ్రాశాను. ఆ మాట అన్నప్పుడు పశువు వెళ్ళిపోదనే సంగతి అప్పుడు తోచలేదు. ఆడబిడ్డలందరూ బతుకమ్మకు పుట్టింటికి పోయే రోజుల్లో నిన్ను అక్కడినుంచి పిలవడం పద్ధతి కాదని కూడా నాకు తెలుసు. తెలిసే వ్రాస్తున్నాను.

రా.

నర్సు


అమరచింత,
అక్టోబరు 16, 1966.

ఇగో,

నేను చెప్పింది చెప్పినట్టే రాయమని పంతులుకు ఒట్టు పెట్టిన. ఒక్క అచ్చరం దిద్దినా మల్ల మొదటికెల్లి రాయిపిస్త అన్న. పాపం, మొకం మాడ్చుకొని రాస్తాండు.

నీ మొదటి కాయితం చదివిన్నాడే గీ పంతులు రెండర్థాలు చెప్పిండు. దయచేయుమంటే రమ్మని గూడ అయితదట, పొమ్మని గూడ అయితదట. "మీ ఆయన చదువుకున్న మనిషి, రమ్మనే రాసి ఉంటాడమ్మా" అన్నడు. నాకెరుక లేదా? నువ్వు తుమ్మితే ఎందుకు తుమ్మినవో చెప్త నేను. గని లగ్గమైన కాడికెల్లి మా అవ్వ తాన ఒక్క నెలన్న నిమ్మలంగ ఉన్ననా? ఎప్పుడొచ్చినా పడుగు ఆగిందని నాలుగొద్దులకే కబురు పంపిస్తివి. రెండర్థాలల్ల నాకు ఏది పనికొస్తదో గది తీసుకున్న. మా అవ్వకు తలంటి పోసిన, ఆమె చేత తిట్లు తిన్న, పొద్దెక్కినదాంక పండుకున్న. తప్పా?

గని మగ్గం ఇప్పుతనని రాసినవు చూడు, గది చదివినంక నవ్వు రాలే. ఎవలనడిగి ఇప్పుతవు? నేసింది నువ్వయితే చుట్టింది నేను. పద్యాలు ఇనుడు విసుగా అని రాసినవు. రాట్నం తిప్పుకుంట ఇన్న పద్యాలు నీకంటె నాకే మంచిగొస్తయ్. నువ్వు యాడ తప్పువోతే ఆడ అందిచ్చింది ఎవలు? పరీక్షల నేను పక్కన లేకున్నా ఎట్ల పాసైనవో నాకు ఇప్పటికి సమజ్ గాదు.

నువ్వు రాసిన ఆకరి మాట పంతులు చదవలే. కాయితం నా చేతికిచ్చి, ఏలు పెట్టి చూపిచ్చిండు. ఒక్కటే అచ్చరం. గది నేనే చూసిన.

సద్దుల బతుకమ్మ ఆడి, దసరా తెల్లారి బస్సెక్కుత. నడుమ ఇంకో అధికం లేదట, పంతులును గట్టిగ అడిగిన. అప్పటిదాంక రొట్టె జోలికి పోకు, బిక్షమ్మ ఇంట్ల తిను. గంగాళం తోమి పెట్టు. పట్టా ముట్టకు, నేనొచ్చినంక ఇప్పుదం.

లచ్చయ్య బావ గప్పటికి గుంట మీద్నే కూసోని ఉంటే నువ్వు లేవకు. గా దయచేయుడు మాట నేను చెప్త.

జానమ్మ